ఏ బండ మీద కట్టారు మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, వందనాలు. మాది గాజువాక, బాప్టిస్టు కుటుంబం. నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు, మా చర్చిలో డీకన్ కూడా. నాది లవ్ మ్యారేజ్, అత్తగారిది జ్ఞానాపురం, ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కథోలికులు. ఇప్పుడు బాబుకి నాలుగో నెల, వచ్చే నెల సెయింట్ పీటర్స్ కెథడ్రల్‌లో జ్ఞానస్నానం ఇప్పించాలని అత్తగారింట్లో అనుకుంటున్నారు. ఉయ్యాల ఫంక్షన్ రోజు భోజనాల దగ్గర మత్తయి సువార్తలోని "నీవు పేతురువు, ఈ బండమీద నా సంఘమును కట్టుదును" అన్న వాక్యం మీద నాన్నకీ మావయ్యగారికీ మాటా మాటా పెరిగింది. పెట్రోస్ అంటే గులకరాయి, పెట్రా అంటే పెద్ద బండ, ఆ బండ యేసే గానీ పేతురు కాదు అని నాన్న. మా గుడి పేరే పేతురుగారిది, పోపుగారు ఆయన వారసుడు, మరి మీ సంఘం ఎవరు పెట్టారు అని మావయ్యగారు. నాన్న సగం అన్నంలో లేచి చెయ్యి కడిగేసుకున్నారు. పైగా మా ఆయన ముత్తాత పేరు రాయప్ప, హార్బరు పనికి గుంటూరు వైపు నుంచి వచ్చారట, ఆ పేరు బాబు పేరుకి కలపాలని మావయ్యగారి కోరిక. "రాయప్ప ఏటి ఈ రోజుల్లో" అని నాన్న అన్న మాట ఆయన ఇంకా మర్చిపోలేదు. మా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. అసలు ఎవరిది రైటు? ఇద్దరికీ నేనేం చెప్పాలి?
ఓ కూతురు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి కొంచెం నవ్వొచ్చింది, నీ కష్టానికి కాదులే, ఇద్దరు పెద్దమనుషులు ఉయ్యాల ఫంక్షన్‌లో బిర్యానీ చల్లారబెట్టుకుని గ్రీకు మాట్లాడుకోవడం తలుచుకుని. మన ఊళ్లో తప్ప ఇంకెక్కడ జరుగుతుంది ఇది.

ముందు ఆ గులకరాయి సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే గొడవ అక్కడే మొదలైంది, పైగా అదే గులకరాయి నేనూ ఒకప్పుడు విసిరినవాణ్ణే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక సువార్త సభలో ఈ పెట్రోస్ పెట్రా పాయింట్ విని నోట్‌బుక్‌లో రాసుకుని, జ్ఞానాపురంలో నా ఫ్రెండు ఇంటికి వచ్చిన ఒక ముసలి ఫాదర్‌గారి మీద ప్రయోగించాను. ఆయన కోప్పడలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "బాబూ, కొత్త నిబంధనలో మామూలు రాయికి వాడే గ్రీకు మాటేటి?" అని అడిగారు. నాకు తెలీదు. "లిథోస్. నీ సీమోను, అదే పేతురు, చిన్న రాయి అని చెప్పడమే ఉద్దేశమైతే ఆ మాట చేతికి అందేలాగే ఉంది కదా, మరెందుకు వాడలేదు?" అన్నారు. నేను టీ తాగేసి వచ్చేశాను. ఆ తర్వాతే కష్టపడి కాస్త గ్రీకు నేర్చుకున్నాను, సిగ్గుతోనే అనుకో.

విషయం ఏంటంటే, పెట్రోస్ అంటే విడిరాయి, పెట్రా అంటే పాతుకుపోయిన బండ అనే తేడా పాత గ్రీకు కవిత్వంలో కనపడుతుంది, అది అబద్ధం కాదు. కానీ మత్తయి కాలానికి మామూలు జనం మాట్లాడే గ్రీకులో ఆ తేడా దాదాపు కరిగిపోయింది. ఈ మాట ఒప్పుకున్నవాళ్లలో బాప్టిస్టు పండితులే ఉన్నారు, డి. ఏ. కార్సన్ అని కెనడా ఆయన, పోపుగారి పార్టీ అస్సలు కాదు, ఆయనే ఈ గులకరాయి వాదన నిలబడదని రాశాడు. మరి రెండు రూపాలు ఎందుకు వచ్చాయంటే, పెట్రా గ్రీకులో ఆడ పదం. మగమనిషికి ఆడ పదం పేరుగా పెట్టరు కాబట్టి చివర మార్చి పెట్రోస్ అన్నారు. మనకి ఇది కొత్తేం కాదు కదా. కొండ మీద కొండయ్య, కొండమ్మ. ఎవరైనా కొండయ్య అనే ఆయన్ని పిలిచి "నువ్వు కొండయ్యవి, ఈ కొండ మీదే నా ఇల్లు కడతాను" అంటే, కొండయ్య అంటే చిన్న గుట్ట, కొండ అంటే పెద్దది, కాబట్టి ఇద్దరూ వేరు అని మనం తీస్తామా? మాటతో ఆడుకుంటున్నాడు అని మనకి వెంటనే అర్థమైపోతుంది.

ఇక యేసు మాట్లాడింది అరామిక్ అనుకుంటే అసలు రెండు రూపాలే ఉండవు, రెండు చోట్లా కేఫా. పాత సిరియక్ బైబిల్లో ఆ వాక్యం తీస్తే రెండు చోట్లా ఒకే మాట, కీఫా, కీఫా. మన తెలుగు బైబిల్లో కూడా యోహాను 1:42లో "నీవు కేఫా అనబడుదువు" అని, కేఫా అంటే రాయి అని అక్కడే రాసి ఉంది. మనకొచ్చిన చిక్కేంటంటే తెలుగులో పేతురు అనే మాటకీ బండ అనే మాటకీ చెవికి ఏ సంబంధమూ లేదు. అందుకే మనవాళ్లు ఆ వాక్యం వెయ్యిసార్లు చదివినా అందులో పేరు మీద చమత్కారం ఉందనే తెలీదు, ఎవరో యూట్యూబ్‌లో గ్రీకు మాటలు రెండు చెప్పగానే పెద్ద రహస్యం దొరికినట్టు ఉంటుంది.

నిజానికి ఆ చమత్కారాన్ని తెలుగు చెవికి వినిపించే పేరు ఒకటుంది, అది మీ ఇంట్లోనే ఉంది, చివర్లో చెప్తాను.

కాబట్టి మొదటి మార్కు మీ మావగారికి. ఆ వాక్యంలో బండ అన్నప్పుడు యేసు వేలు చూపించింది పేతురు వైపే అని నా అభిప్రాయం, నేను సీఎస్ఐ వాణ్ణే, అంటే ప్రొటెస్టెంటునే అయినా. ఆస్కార్ కుల్‌మన్ అని లూథరన్ పండితుడు కూడా 1952లోనే ఇదే తేల్చాడు, బండ అంటే పేతురు అనే మనిషే అని. అయితే మీ మావగారు ఇక్కడితో పుస్తకం మూసేయకూడదు, ఎందుకంటే ఆ కుల్‌మన్ దాని తర్వాత అన్న మాట ఆయనకి అంతగా నచ్చదు. పునాది ఒక్కసారే వేస్తారు, ప్రతి తరానికీ కొత్త పునాది వెయ్యరు, కాబట్టి పేతురు ఆ మొదటి తరానికి పునాది అయ్యాడే గానీ ఆ పని రోమ్‌లో ఇంకొకరికి అప్పగించినట్టు ఈ వాక్యంలో లేదు అని. అంత అన్నవాణ్ణి కథోలికులు దూరం పెట్టలేదు, రెండో వాటికన్ సభకి, అంటే వాళ్ల బిషప్పుల మహాసభకి, అతిథిగా పిలిచి కూర్చోబెట్టారు. ఈ ముక్క మీ ఇద్దరు పెద్దలకీ చెప్పాలి.

మీ భోజనాల గొడవలో అసలు తిరకాసు ఇదే అమ్మా. మావగారు ఒక్క గుక్కలో మూడు మాటలు చెప్పేస్తున్నారు, నాన్నగారు ఆ మూడిటినీ ఒక్క గులకరాయితో కొట్టేద్దామని చూస్తున్నారు. బండ పేతురు అన్నది మొదటి మాట. ఆ వెంటనే 16:19లో పరలోకరాజ్యపు తాళపుచెవులూ, బంధించే విప్పే పనీ పేతురుకి ఇచ్చారు కాబట్టి అదొక అధికారం, ఒక పదవి అన్నది రెండోది. ఆ పదవి రోమ్ బిషప్పుకి వారసత్వంగా వచ్చింది అన్నది మూడోది. మొదటిది వాక్యంలోనే ఉంది. రెండోదానికి కథోలికులు యెషయా 22 చూపిస్తారు, అక్కడ ఎల్యాకీముకి దావీదు ఇంటి తాళపుచెవి భుజం మీద పెడతాను అంటాడు దేవుడు, రాజు ఇంట్లో పెత్తనం చేసే మనిషి అన్నమాట, ఆ పదవిలో ఒకరు పోతే ఇంకొకరు వస్తారు. ఇది తీసిపారేసే వాదన కాదు, నాన్నగారు ఆ అధ్యాయం ఒకసారి చదవాలి. కానీ అదే బంధించడం విప్పడం రెండు అధ్యాయాల తర్వాత మత్తయి 18:18లో శిష్యులందరికీ ఇచ్చాడు, తెలుగులో చదివితే తేడా భలే తెలుస్తుంది, 16లో "నీకు", 18లో "మీరు". అయితే తాళపుచెవులు అనే మాట మాత్రం 18లో లేదు, 16లోనే ఉంది, ఆ పాయింట్ మళ్లీ మావగారికి. మూడోది, అంటే రోమ్, వారసుడు, ఇవి మత్తయిలో ఎక్కడా లేవు. అవి చరిత్ర నుంచి, సంప్రదాయం నుంచి వచ్చే మాటలు. పేతురు రోమ్‌లో నీరో కాలంలో చనిపోయాడని చాలా పాత సాక్ష్యాలున్నాయి, దాదాపు 180 నాటికి ఇరేనియస్ అనే బిషప్పు రోమ్ బిషప్పుల వరస రాశాడు, ఐదో శతాబ్దంలో మొదటి లియో పోపు పేతురే నా ద్వారా మాట్లాడుతున్నాడు అన్నంత గట్టిగా చెప్పాడు, చివరికి 1870 జూలై 18న మొదటి వాటికన్ సభ దాన్ని సిద్ధాంతంగా ప్రకటించింది. ఇదంతా ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ, అది పెట్రోస్ పెట్రా అంటే తెగదు. నాన్నగారు మొదటి మాట ఒప్పుకున్నంత మాత్రాన మూడోది ఒప్పుకున్నట్టు కాదు, ఆ భయంతోనే ఆయన గులకరాయి వదలట్లేదు అనిపిస్తుంది నాకు.

పేతురు పీఠం మాదే అనేవాళ్లు ఒక్క రోమ్‌లోనే కాదు, బయటా ఉన్నారు సుమా. కేరళలో జాకోబైట్ సిరియన్ వాళ్లు అంతియొకయ పాత్రియార్కుని పేతురు సింహాసనం మీద కూర్చున్నవాడిగా చూస్తారు. ఆర్థడాక్స్ వాళ్లేమో పేతురు ఒప్పుకోలు, అంటే "నీవు క్రీస్తువి, దేవుని కుమారుడివి" అని ఆయన యేసుతో అన్న మాట, నిలబెట్టే ప్రతి బిషప్పూ పేతురు కుర్చీలోనే ఉన్నాడు అంటారు. కాబట్టి మన ఇళ్లల్లో అనుకుంటున్నట్టు ఇది ఆర్‌సీఎం వర్సెస్ బాప్టిస్టు టూ సైడెడ్ మ్యాచ్ కాదు.

ఇప్పుడు నాన్నగారి వైపు. ఆయన గులకరాయి పక్కన పెట్టేస్తే ఆయన చేతిలో మిగిలే రాళ్లు చాలా గట్టివి, అవి వాడట్లేదనే నా బాధ. మొదటి కొరింథీ 10:4లో పౌలు "ఆ బండ క్రీస్తే" అని సూటిగా రాశాడు. అదే పత్రిక 3:11, "వేయబడినది తప్ప, మరియొక పునాది ఎవడును వేయనేరడు, ఈ పునాది యేసు క్రీస్తే." ఇక అన్నిటికంటే గట్టి సాక్షి ఎవరంటే పేతురే. పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయం తెరిచి చూడు, రాళ్ల గురించి అంత రాశాడు కదా ఆ మనిషి, ఒక్క చోటైనా "ఆ బండని నేనే" అన్నాడా? యేసు సజీవమైన రాయి, మీరూ సజీవమైన రాళ్లే, కట్టువారు నిషేధించిన రాయే మూలకు తలరాయి అయింది, "అడ్డురాయియు అడ్డుబండయు ఆయెను" అన్నాడు. ఆ అడ్డుబండ దగ్గర గ్రీకులో ఉన్నది పెట్రానే. తన పేరులో ఉన్న మాటని తీసుకెళ్లి యేసుకి పెట్టేశాడు. నాకైతే ఆ చోటు చదివినప్పుడల్లా ఆ జాలరి మొహం కనపడుతుంది, ఇంత పేరు పెట్టాక కూడా దాన్ని తన మీద వేసుకోని మనిషి.

ఇంకోటి, ఈ గొడవలో ఎవరూ కిందికి చదవరు. మత్తయి 16:18లో బండ. ఐదు వచనాలు దిగితే 16:23, "సాతానా, నా వెనుకకు పొమ్ము, నీవు నాకు అభ్యంతర కారణమైయున్నావు." అదే మనిషి, అదే అధ్యాయం. అభ్యంతరం అన్న చోట గ్రీకు మాట స్కాండలోన్, కాలికి అడ్డం తగిలేది. అంటే పునాది రాయి అన్న నోటితోనే కాసేపటికి అడ్డురాయి అన్నాడు. పేతురు దేవుడు చెప్పింది ఒప్పుకున్నంతసేపు బండ, సిలువ వద్దు అనగానే అడ్డురాయి. ఇలాంటి వాదనల్లో కథోలికులు 19 దాకా చదివి ఆపేస్తారు, మనవాళ్లు 18లో గ్రీకు దగ్గర ఆగిపోతారు, 23 దాకా వెళ్లేవాళ్లు తక్కువ.

మరి మత్తయిలో బండ పేతురైతే, కొరింథీలో పునాది క్రీస్తే అయితే, ఒకటి అబద్ధమా? ఇక్కడ నన్ను కొంచెం తాపీ మేస్త్రి భాష మాట్లాడనియ్. ఎవరు కడుతున్నారు, ఏది కింద ఉంది, ఇవి ప్రతి చోటా మారుతున్నాయి. మత్తయి 16లో యేసే మేస్త్రి, "నేను కట్టుదును" అంటున్నాడు, కట్టేవాడు తన్ను తానే పునాదిలో పెట్టుకోవడం ఆ బొమ్మలో కుదరదు, కాబట్టి కింద పేతురు. కొరింథీలో మేస్త్రి పౌలు, కాబట్టి కింద యేసు. ఎఫెసీ 2:20లో పునాది అపొస్తలులూ ప్రవక్తలూ, యేసు మూలరాయి. ప్రకటన 21:14లో పట్టణపు గోడకి పన్నెండు పునాదులు, వాటి మీద పన్నెండుమంది అపొస్తలుల పేర్లు. ఒకే ఇంటికి నాలుగు ప్లాన్లు ఉన్నట్టుంది కదా, కానీ అవి నాలుగు ఇళ్లు కావు, నాలుగు వైపుల నుంచి గీసిన బొమ్మలు. ఒక వాక్యం తీసి ఇంకో వాక్యం తల మీద కొడితే వాక్యమేమీ పగలదు, భోజనాలే పాడవుతాయి. ఇంకా మత్తయి 7:24 ఉంది, బండమీద ఇల్లు కట్టుకున్న బుద్ధిమంతుడు, అక్కడ కూడా పెట్రానే, ఆ బండ ఆయన మాటలు విని అలా చెయ్యడం. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా వీధిలో అందరి ఇళ్లూ ఒకే గాలికి ఊగినప్పుడు పక్కింటి ఆర్‌సీఎం అత్తయ్య జపమాల చెప్పింది, నేను కీర్తన చదివాను, రేకులు మాత్రం ఇద్దరివీ ఎగిరిపోయాయి.

పాత సంఘ పితరుల, అంటే మొదటి శతాబ్దాల సంఘ గురువుల, సంగతి కూడా చెప్పేస్తాను, రెండు ఇళ్లవాళ్లూ "మొదట్నుంచీ అందరూ ఇలాగే నమ్మారు" అంటుంటారు కదా. లేదు. క్రిసోస్తొము ఆ బండ పేతురు ఒప్పుకున్న విశ్వాసం అన్నాడు. ఓరిగెన్ అయితే పేతురులా ఒప్పుకున్న ప్రతివాడూ పేతురే అన్నాడు. అగస్టీన్ గమ్మత్తు ఇంకా, ఒకప్పుడు బండ పేతురు అని చెప్పాడు, తర్వాత చాలాసార్లు క్రీస్తు అని చెప్పాడు, ముసలితనంలో తను రాసినవన్నీ తిరగేసుకుంటూ ఈ రెండిట్లో ఏది సరైందో చదివేవాడే ఎంచుకోమని వదిలేశాడు. ఆయన కంటే మనకెక్కువ తెలుసా? 1870 సభ టైములో సెయింట్ లూయిస్ ఆర్చిబిషప్ కెన్రిక్, కథోలికుడే, ఒక ప్రసంగం రాసుకున్నాడు, సభలో చదివే ఛాన్స్ రాకపోతే అచ్చేయించాడు. అందులో పితరుల లెక్క ఉంది, బండ పేతురు అన్నవాళ్లు 17 మంది, విశ్వాసం అన్నవాళ్లు 44, క్రీస్తు అన్నవాళ్లు 16, అపొస్తలులందరూ అన్నవాళ్లు 8. తర్వాత ఆయన సభ నిర్ణయానికి లోబడ్డాడు, అది కూడా చెప్పాలి, సగం చెప్తే మోసం.

ఇంకా మీ మావగారికి తెలిసీ తెలియని విషయం ఒకటుంది. 1992లో వచ్చిన కథోలిక సత్యోపదేశ గ్రంథం 424లో పేతురు ఒప్పుకున్న ఈ విశ్వాసం అనే బండ మీద క్రీస్తు తన సంఘాన్ని కట్టాడు అని ఉంది. అదే పుస్తకం 881లో పేతురునే బండగా చేశాడు అని ఉంది. రెండూ వాళ్ల అధికారిక పుస్తకమే. అంటే బండ విశ్వాసం అని నాన్నగారు అంటే, అందులో సగం మావగారి పుస్తకంలోనే రాసి ఉంది. మనిషి వేరు, అతని నోట్లో మాట వేరు అని విడదియ్యడమే తప్పేమో అనిపిస్తుంది నాకు. ఒప్పుకోలు గాల్లోంచి రాదు, ఎవరో ఒక సీమోను నోటి నుంచి రావాలి. ఆ ఒప్పుకోలు లేకపోతే సీమోను ఉత్త జాలరి.

మన ఊరి సంగతి ఒకటి, సందర్భం ఉందో లేదో గానీ చెప్పకుండా ఉండలేను. మీ ఇద్దరు పెద్దలూ కొట్టుకుంటున్న మత్తయి సువార్త తెలుగులో మొదట అచ్చయినప్పుడు, ఆ అనువాదం చేసింది మన విశాఖపట్నంలోనే. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ అని ఇద్దరు ఇక్కడికి వచ్చారు, ఆనందరాయర్ అని క్రైస్తవం తీసుకున్న ఒక బ్రాహ్మణుడు వాళ్లకి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డె గ్రాంజ్ 1810లో పోయారు, ఇద్దరూ ఇక్కడి ఎండకీ జ్వరాలకీ నిలవలేదు. వాళ్లు చేసిన మత్తయి, మార్కు, లూకా 1812లో సీరంపూర్‌లో అచ్చయ్యాయి, వాళ్లు చూడలేదు. వాళ్లు బాప్టిస్టులూ కాదు, ఆర్‌సీఎం కూడా కాదు, ఇవాళ రెండు చర్చిలవాళ్లూ తెలుగులో ఆ వాక్యం చెప్పుకుని కొట్టుకుంటున్నారంటే దానికి మొదటి ఇటుక పెట్టింది ఆ ముగ్గురూ.

సరే, నీ రెండో ప్రశ్న, ఇద్దరికీ ఏం చెప్పాలి. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి ఈ ఉత్తరం చదివి వినిపించొద్దు, అలా చేస్తే నీకు మూడో గొడవ వస్తుంది. విడివిడిగా వెళ్లు.

నాన్నగారి దగ్గరికి బాబుని తీసుకుని గాజువాక వెళ్లు, సాయంత్రం పూట, ఆయన కుర్చీ వేసుకుని బయట కూర్చునే టైముకి. "నాన్నా, గులకరాయి ఒగ్గేయ్, పేతురు పత్రిక చదువు, నీ పాయింట్ అక్కడుంది" అను. డీకన్ మనిషి, వాక్యం చూపిస్తే వింటాడు, నువ్వు ఓడిపోయావు అంటే మాత్రం వినడు. "నువ్వు పేతురుని చిన్నవాణ్ణి చేస్తేనే యేసు పెద్దవాడవుతాడా" అని కూడా అడగొచ్చు, కానీ ఆ ఒక్క మాట టీ ఇచ్చాక అడుగు. చిన్నపిల్లలకి బాప్తిస్మం సరికాదని ఆయనకి ఉంటుంది, అది ఆయన నమ్మకం, దాన్ని నువ్వు మార్చలేవు, మార్చనక్కర్లేదు కూడా, అది వేరే ఉత్తరమంత పెద్దది. ఆ రోజు గుళ్లో వెనక బెంచీలో కూర్చుంటే చాలని అడుగు. రానంటే, మరుసటి ఆదివారం మీ చర్చిలో బాబు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమని అడుగు, బాప్టిస్టుల్లో పిల్లల్ని ప్రతిష్ఠించే అలవాటు ఎలాగూ ఉంది.

మావగారి దగ్గర నువ్వు మాట్లాడకు. కోడలు వాక్యం చెప్పింది అంటే ఎంత మంచివాడైనా కాస్త ఇబ్బంది పడతాడు. మీ ఆయన చెప్పాలి. చెప్పాల్సింది ఒక్కటే, "మీ సంఘం ఎవరు పెట్టారు" అన్న మాట వద్దని. అది వాదన కాదు, ఇంటికొచ్చిన వియ్యంకుణ్ణి నీ తండ్రెవరు అని అడిగినట్టుంటుంది. 1995లో రెండో జాన్ పాల్ పోపుగారే మిగతా సంఘాలవాళ్లని పిలిచి, పేతురు పదవిని మీరందరూ ఒప్పుకునే పద్ధతిలో నేనెలా నడపాలో నాతో కలిసి ఆలోచించండి అని రాశారు. పోపుగారు అడిగి వింటానన్న చోట జ్ఞానాపురంలో మన మావగారు కాస్త ఆగొచ్చు.

ఇక రాయప్ప. నాన్నగారికి అది ఏదో పాతకాలం పల్లెటూరి పేరులా వినపడింది. పాత కథోలిక కుటుంబాల్లో, తమిళం వైపూ మన వైపూ కూడా, రాయప్ప అంటే ఎవరనుకున్నావు, పేతురే. చిన్నప్ప అంటే పౌలు. రాయప్ప అన్నప్పుడు నీ చెవికి రాయి వినపడుతోందా లేదా? మన బైబిల్లో పేతురు, బండ అని విడిపోయిన మాటలు ఆ ఒక్క పేరులో కలిసే ఉన్నాయి, అచ్చం ఇందాకటి కొండయ్యలాగే. యూట్యూబ్‌లో ఎవరో చెప్తే గానీ మనకి తెలియని గ్రీకు చమత్కారాన్ని మీ ఆయన ముత్తాత హార్బరులో మట్టి మోస్తూ తన పేరులోనే మోసుకు తిరిగాడు. ఈ మాట నాన్నగారికి చెప్పు, ఆయన కచ్చితంగా కాసేపు మాట్లాడడు, తర్వాత "రాయి... అప్ప..." అని ఒకసారి పైకి అనుకుంటాడు చూడు. అప్పుడు ఆ పేరు బాబుకి కలపాలో వద్దో ఆయన్నే అడుగు. సరే అంటే బర్త్ సర్టిఫికెట్‌లో ఎక్కించే పని మీ ఆయనకి అప్పజెప్పు, ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా, ఆన్‌లైన్‌లో అవుతుందేమో చూసుకుంటాడు.